శేషం ఒకటి

మొదటి రోజు

ఈ పుస్తకంలో నీటిమట్టం, తెరిచిన తూముల లెక్క, నా వేలిముద్ర తప్ప మరేమీ ఉండకూడదని నియమం. పన్నెండేళ్ళుగా తప్పలేదు. ఇవాళ తప్పుతున్నాను. నియమాలు పెట్టినవాళ్ళే మా గొంతులు ఎండగడుతుంటే నాకొక్కదానికే పట్టింపులెందుకు?

నా పేరు తవిటమ్మ. మంచుగవికి నీరటిని. గనిలో తవ్విన మంచు కొలిమిలో కరిగి తొట్టిలోకి చేరాక, తాళం తీసి ఏడు వీధులకు నీళ్ళు వదలడం నా పని. ఈ గవి పైన గాలి లేదు, వాన లేదు, సూర్యుడు బఠాణీ గింజంత. తొట్టి ఒక్కటే మాకు దిక్కు.

నిన్న కొలిమి దగ్గర కరెంటు పోటెత్తి తాళం బుర్ర మాడిపోయింది. కార్యాలయంవాళ్ళు కొత్తది బిగించారు. తాళం పనిచేసే తీరు ఇదీ. లోపల ఒక మూలసంఖ్య ఉంటుంది. ఎన్ని తూములు తెరవాలో నేను నొక్కుతాను. ఆ అంకెతో మూలసంఖ్యను భాగిస్తే శేషం సున్న రావాలి. వస్తే నొక్కినన్ని తూములు సమానంగా తెరుచుకుంటాయి, రాకపోతే ఒక్కటీ కదలదు. రోజూ పొద్దున్నే వచ్చి ఏడు నొక్కేదాన్ని. లోపలి సంఖ్య ఎంతో తెలుసుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు కొత్త తాళానికి ఆ సంఖ్య చెప్పాలి. అది అంకెల్లో ఎక్కడా లేదు. అంకెల్లో చెక్కితే ఎవడో ఒకడు ఒక గీత కలిపి మార్చేస్తాడని, మొదట ఇక్కడ దిగినవాళ్ళు దాన్ని పాటలో పెట్టి తొట్టి గుమ్మం మీద చెక్కించారు. గొట్టాలు లాగేటప్పుడు మేమంతా పాడుకునే పాటే అది.

చందురుడు, బాణాలు, లాగరా పట్టు
వేదాలు, ఏనుగులు, లాగరా పట్టు
బాణాలు, ఏనుగులు, లాగరా పట్టు
రుతువులు, నిప్పులు, తాళము పెట్టు

చందురుడంటే ఒకటి. మన్మథుడి బాణాలు ఐదు, వేదాలు నాలుగు, దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది, రుతువులు ఆరు, హోమాల నిప్పులు మూడు. సంఖ్యాధికారి గరుడాచలం గుమ్మం కింద నిలబడి తనే చదివాడు. తన బొటనవేలు ఆనించి, తనే మీటలు నొక్కాడు. నన్ను దీపం ఎత్తి పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఒక కోటి యాభై నాలుగు లక్షల ఎనభై ఐదు వేల ఎనిమిది వందల అరవై మూడు.

ఆయన పక్కకు తప్పుకున్నాక నేను ఏడు నొక్కాను. తాళం కదల్లేదు. గాజు పలక మీద రెండు మాటలు వచ్చాయి. శేషం ఒకటి.

ఆరు నొక్కాను, ఐదు నొక్కాను, నాలుగు, మూడు, రెండు. దేనికీ కదల్లేదు. చివరికి ఒకటి నొక్కితే ఒకటో తూము బార్లా తెరుచుకుంది. దాని కింద ఉన్నది ప్రధాన వీధి. కార్యాలయం అక్కడే, గరుడాచలం ఇల్లూ అక్కడే.

నాలుగో రోజు

మిగిలిన ఆరు వీధులవాళ్ళం మనిషికి రోజుకో డబ్బా చొప్పున నీళ్ళు మోసుకుంటున్నాం. ప్రధాన వీధి చివర చీటీ చూపించి వరసలో నిలబడాలి. డబ్బాకు పది లీటర్లు. తాగినా అదే, వండినా అదే, కడుక్కున్నా అదే.

మా అప్ప పోలమ్మకు, అంటే మా అక్కకు, మూత్రపిండాలు పనిచేయవు. రక్తం కడిగే యంత్రం మా ఏడో వీధి వైద్యశాలలో ఉంది. మూడు రోజులకోసారి ఆమె దాని పక్కన పడుకోవాలి. ఒక్కసారి కడగడానికి నూట ఇరవై లీటర్లు, అంటే పన్నెండు డబ్బాలు కావాలి. మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. పక్క మంచం మీద సూరప్పడిదీ ఇదే అవస్థ. అతని భార్య గవరమ్మా నేనూ ఇవాళ ఇల్లిల్లూ తిరిగాం. ఒకరు గ్లాసెడు, ఒకరు చెంబెడు, లేదనకుండా పోశారు. పిల్లలున్నవాళ్ళు కూడా పోశారు. ఇద్దరికీ ఒక్కోసారి కడిగించాం. ఇలా ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం?

"ఒలే, కోటిన్నరలో ఒక్కటి మిగిలితే ఏటవుతాదే? ఆ ఒక్కటీ పారబోసీరాదేటి?" అంది అప్ప.

"పారబొయ్యనివ్వదప్పా ఆ తాళం."

"అయితే ఆ తాళం పెట్టినోడి బుర్రలో ఏటో మిగిలిపోనాది," అంది. నవ్వబోయి దగ్గింది.

ఏడో రోజు

కార్యాలయానికి వెళ్ళాను. గరుడాచలం కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. నిండు గ్లాసు. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండింది. తాగకుండా ఒళ్ళో పెట్టుకున్నాను, వైద్యశాలకు పనికొస్తుందని.

"తాళం పాడవలేదు తవిటమ్మా. సంఖ్యే అలాంటిది. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించబడదు. మనం చిన్నప్పుడు చదువుకోలేదూ, ప్రధాన సంఖ్య అని."

"అయితే పన్నెండేళ్ళు ఏడుతోటి ఎలగ తెగినాదండీ?"

"పాత తాళానికి వయసైపోయింది. శేషాన్ని మింగేసేది. ఇన్నాళ్ళూ మనకు హక్కు లేని పంపకం జరిగిందన్నమాట."

హక్కు లేని పంపకమట! ఈ మాట అన్న నోరు పొద్దున నీళ్ళతో పుక్కిలించుకుని వచ్చింది.

"ఇంకో సంగతి విను," అన్నాడు, మంచి కబురు చెబుతున్నట్టు ముందుకు వంగి. "రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, ఇలా ప్రధాన సంఖ్యల్ని వరసగా లెక్కపెడుతూ వెళ్తే సరిగ్గా పది లక్షలోది ఇదే. యంత్రం మీద సరిచూశాను. పెద్దలు ఊరికే ఎంచుకుంటారా? ఇందులో వాళ్ళ ఉద్దేశం కనబడటం లేదూ?"

"అంటే మమ్మల్ని ఎండగట్టమనేనా ఆళ్ళ ఉద్దేశం?"

"నేననడం లేదమ్మా. సంఖ్య అంటోంది."

ప్రధాన సంఖ్య, ప్రధాన వీధి, ప్రధాన పెద్దమనుషులు. లెక్క ఎంత బాగా కుదిరింది! దొంగ అయితే పట్టుకుని కొట్టొచ్చు. సంఖ్య వెనకాల దాక్కున్నవాణ్ణి ఏంచేస్తాం? పోనీ మూలసంఖ్య మార్చమంటే, అది తన బొటనవేలి ముద్రతోనే మారుతుందనీ, పెద్దల సంఖ్య మీద తాను చెయ్యి వేయలేననీ అన్నాడు. గ్లాసు పట్టుకుని లేచి వచ్చేశాను. గ్లాసు కార్యాలయానిదని జవాను వెనకనుంచి అరిచాడు. తిరిగి చూడలేదు.

ఎనిమిదో రోజు

ఆ సంఖ్య ప్రధానం అన్నది గరుడాచలం మాట. సరిచూసిన యంత్రం గరుడాచలానిది. నేనెందుకు నమ్మాలి? నేనే భాగిస్తాను.

పొద్దున వైద్యశాల బయట సొరంగం గోడ మీద సుద్దతో మొదలుపెట్టాను. పదకొండుతో భాగిస్తే శేషం ఎనిమిది. పదమూడుకు మూడు. పదిహేడుకు రెండు. పంతొమ్మిదికి ఎనిమిది. గవరమ్మ కాసేపు చూసి ఇంకో సుద్దముక్క తీసుకుంది. ఆమె నాచుమడుల్లో పనిచేస్తుంది గానీ ఎక్కాల్లో దిట్ట.

"ఎందాకా సెయ్యాలి?"

"మూడు వేల తొమ్మిదొందల ముప్పయ్యైదు దాకా సాలు. దానికి మించినోటి మన సంఖ్యని తెగ్గొడితే, దాని జత మూడు వేల తొమ్మిదొందల ముప్పయ్యైదు లోపే ఉంటాది కదా. ఆ జత మనకి ముందే దొరికిపోద్ది. మజ్జిలో ప్రధాన సంఖ్యలే సెయ్యాలి."

"అవెన్ని?"

లెక్కపెట్టాం. ఐదు వందల నలభై ఆరు. చెరిసగం, రెండు వందల డెబ్బై మూడేసి.

"ఒక్కటి తెగితే సాలు," అంది గవరమ్మ. "ఆడి గెడ్డం పట్టుకుని అడుగుతాను."

పన్నెండో రోజు

రెండు వందల తొంభై ఎనిమిది అయ్యాయి. ఏదీ తెగలేదు. పొద్దున తూము, తర్వాత డబ్బాల వరస, మధ్యాహ్నం భాగహారాలు. వేళ్ళు పగిలి సుద్ద మంట పుడుతోంది. అప్పకు నిన్న కడిగించాలి, డబ్బాలు తొమ్మిదే పోగయ్యాయి. సూరప్పడికి పాదాలు వాచాయి.

పదిహేడో రోజు

ఈ మధ్యాహ్నంతో పూర్తయింది. ఆఖరిది మూడు వేల తొమ్మిది వందల ముప్పై ఒకటి. శేషం పదహారు వందల యాభై నాలుగు. ఐదు వందల నలభై ఆరు భాగహారాల్లో ఒక్కటీ తెగలేదు. తప్పు చేశామేమోనని గవరమ్మవి నేను, నావి గవరమ్మ మళ్ళీ సరిచూసుకున్నాం.

గరుడాచలం నిజమే చెప్పాడు. అది ప్రధాన సంఖ్యే.

ఇంత కోపం నాకు జన్మలో రాలేదు. మనిషి మీద వస్తే తిట్టొచ్చు. గోడ మీది ఆ ఎనిమిది అంకెల్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు గుండె లేదా అన్నాను. వీధిలో వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. గవరమ్మ సుద్దముక్కను నేల మీద పెట్టి కాలితో నలిపేసి మొగుడి దగ్గరికి వెళ్ళింది.

పంతొమ్మిదో రోజు

సూరప్పడు పోయాడు. రెండుసార్లు రక్తం కడగలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని వైద్యుడు చెప్పాడు. ఊరంతా నీళ్ళు లేక అల్లాడుతుంటే అతను నీళ్ళతోనే ఊపిరాడక పోయాడు.

సాయంత్రానికి కార్యాలయం నుంచి సంతాపపత్రం వచ్చింది. "మూలసంఖ్య స్వభావం వల్ల సంభవించిన మరణం" అని రాశారు. కింద గరుడాచలం సంతకం, ఎంత ముద్దుగా ఉందో! గవరమ్మ దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది. ఏడవలేదు. ఆమె పక్కన కూర్చుని నేను ఏడ్చాను.

ఇరవై ఒకటో రోజు

పొద్దున అప్ప దగ్గర కూర్చున్నాను. మొహం ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరందడం లేదు. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. రేపో ఎల్లుండో కడగకపోతే వైద్యుడు నాకేం చెబుతాడో నాకు తెలుసు. బయట సొరంగంలో ఆడవాళ్ళు డబ్బాల బండిని పాటందుకుని లాగుతున్నారు. మొదటి చరణం అయిపోయి రెండోది వచ్చింది.

నింగీ, వేదాలూ, కన్నులూ మేము
నేలను విడిచీ దిగినాము మేము

"నలబై రెండు మందిమి," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. నింగి సున్న, వేదాలు నాలుగు, కళ్ళు రెండు. మొదట దిగినవాళ్ళు నలభై ఇద్దరని కార్యాలయం బోర్డు మీద కూడా ఉంది. ముందున్న సున్న పాటకు అందం కోసం పెట్టారట.

అప్ప కళ్ళు తెరిచింది. "నలబై రెండేటే నీ మొకం? రెండొందల నలబై."

"ఎవులు సెప్పినారు?"

"ఒకలు సెప్పాలేటి? పద్దెనిమిదేళ్ళు మొదట దిగినోళ్ళ పేర్ల గోడ తుడిసినాను. వారానికోపాలి ఒక్కో పేరూ గుడ్డతో తుడిసినాను. రెండొందల నలబై పేర్లు. నా సేతులకి తెల్దేటి?"

సున్న, నాలుగు, రెండు. కుడినుంచి చదివితే రెండు, నాలుగు, సున్న.

"అప్పా, పాటలో సున్న ముందెందుకొచ్చినాది మరి?"

ఆయాసపడుతూనే, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు కూడిక ఎక్కణ్ణించి మొదలెడతావే? ఒకట్ల కాణ్ణించే కదా. ముందు ఒకట్లు, తరవాత పదులు, తరవాత వందలు. ఆళ్ళూ అలగే పాడినారు. కింద మెట్టు ఎక్కకండా పై మెట్టు ఎవులెక్కుతారు?"

మాటల్లో దాచిన అంకెల్ని ఒకట్ల నుంచి చదవాలి. పాట ఎడమనుంచి నడుస్తుంది, సంఖ్య కుడినుంచి పెరుగుతుంది. తరతరాలుగా పాడుతున్నాం, ఒక్కరం లెక్కకట్టలేదు. ఆ చదువుకున్న పెద్దమనిషి గుమ్మం కింద నిలబడి, ఉత్తరం చదివినట్టు ఎడమనుంచి కుడికి చదివేశాడు. అడిగితే చెప్పేవాళ్ళు ఏడో వీధిలో మంచం మీద ఉన్నారు. ఆయన ఎవర్నీ అడగలేదు.

గోడ దగ్గరికి పరుగెత్తాను. నిప్పులు మూడు, రుతువులు ఆరు, ఏనుగులు ఎనిమిది, బాణాలు ఐదు, ఏనుగులు ఎనిమిది, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, చందురుడు ఒకటి. మూడు కోట్ల అరవై ఎనిమిది లక్షల యాభై ఎనిమిది వేల నాలుగు వందల యాభై ఒకటి.

ఏడుతో మొదలుపెట్టాను. ముప్పై ఆరులో ఐదుసార్లు, మిగిలింది ఒకటి. పద్దెనిమిది, నలభై ఐదు, ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగు, అరవై ఐదు. చివరికి ఇరవై ఒకటి దిగింది. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. శేషం సున్న.

ఆగకుండా మిగతావి కూడా చేశాను. బేసి సంఖ్య కాబట్టి రెండుతో, నాలుగుతో, ఆరుతో తెగదు. అంకెల మొత్తం నలభై కాబట్టి మూడుతో తెగదు. చివర ఒకటి ఉంది కాబట్టి ఐదుతో తెగదు. ఏ రెండు వీధులవాళ్ళో, ఏ ఐదు వీధులవాళ్ళో కుమ్మక్కై మిగిలినవాళ్ళను ఎండగడదామన్నా ఈ తాళం కదలదు. పంచుకుంటే ఏడు వీధులూ పంచుకోవాలి. పెద్దల ఉద్దేశం ఇదీ! ఒకటితో భాగిస్తే మాత్రం ఏ సంఖ్యా అడ్డు చెప్పదు. వాళ్ళు మూయలేకపోయిన సందు అదొక్కటే. గరుడాచలం ఊరంతటినీ ఆ సందులో పెట్టి నలిపేశాడు.

సూరప్పడు రెండు రోజుల ముందు పోయాడు. రెండు రోజులు. ఈ ముక్క నాకు గోడ మీద భాగహారాలు చేస్తున్నప్పుడు ఎందుకు తట్టలేదు?

ఇరవై రెండో రోజు

గరుడాచలం బల్ల మీద కాగితం పెట్టాను. రెండు వందల నలభై పేర్ల సంగతి చెప్పాను, భాగహారం చూపించాను. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి దగ్గరికి వచ్చేసరికి మొహం పాలిపోయింది. లేచి తలుపు వేసి వచ్చాడు.

"నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం," అన్నాడు. "మూలసంఖ్య మార్చాలంటే విచారణ జరగాలి. సంఘం కూర్చోవాలి, సాక్ష్యాలు తీసుకోవాలి. నలభై రోజులు పడుతుంది."

"మా అప్పకి నలబై రోజులు నేవండీ. నాలుగు కూడా నేవు."

"అందుకే ఇంకో దారి చెబుతున్నాను. సంఖ్య ఎక్కించేటప్పుడు రాతలో పొరపాటు జరిగితే విచారణ అక్కర్లేదు. నేను ఇప్పుడే వచ్చి సరిదిద్దేయవచ్చు."

కాగితం తీసి తనే రాశాడు. గుమ్మం మీది పాటను అంకెల్లోకి మార్చి అధికారికి రాసి ఇచ్చినది నీరటి తవిటమ్మ. ఆమె అజాగ్రత్తగా తలకిందులు రాసింది. తప్పు ఒప్పుకుంటోంది. ఈ ఒప్పుకోలును ఆమె ఎప్పుడు కాదన్నా దిద్దుబాటు రద్దవుతుంది, తాళానికి పాత సంఖ్యే వస్తుంది, విచారణ మొదలవుతుంది.

"నేను దీపం పట్టుకున్నాను," అన్నాను. "చదివింది మీరు. నొక్కింది మీరు."

"అవును," అన్నాడు. "విచారణలో అలాగే చెప్పు. నలభై రోజుల తర్వాత."

లాగి కొట్టాలనిపించింది. నా చేతికి అంత బలం ఉంది, గొట్టాలు లాగిన చెయ్యి. ఆ చేత్తోనే సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ఆయన బొటనవేలు ఆనించి కొత్త సంఖ్య నొక్కాడు. నేను ఏడు నొక్కాను. ఏడు తూములూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆరు వీధుల జనం చప్పట్లు కొట్టారు. గరుడాచలం రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఎవరో ఆయన్ను భుజాల మీదకి ఎత్తుకున్నారు. సాయంత్రం అప్ప రక్తం కడిగారు.

ఇరవై మూడో రోజు

నా ఒప్పుకోలును అచ్చువేసి ప్రతి వీధి మలుపులోనూ అంటించారు. మా గుమ్మానికి ఎదురుగా రెండు అంటించారు.

ఇరవై ఐదో రోజు

అప్పకు మళ్ళీ కడుగుతున్నారు. వాపు సగం తీసింది. పొద్దున జావ అడిగి తాగింది. గోడల మీద అంటించిన కాగితాల సంగతి ఆమెకు చెప్పలేదు.

నేను వైద్యశాల గుమ్మంలో కూర్చుని ఉంటే గవరమ్మ వచ్చింది. చేతిలో ఆ కాగితం ఉంది. మలుపులోంచి చింపుకొచ్చింది.

"ఇది నువ్వేనా రాసినావు?"

నేను ఆమె చేతిలోని కాగితం కేసి చూశాను.

"నా కళ్ళలోకి సూసి సెప్పు. తలకిందులు రాసింది నువ్వేనా? నువ్వు రాసిన తప్పుకేనా నా సేత రెండొందల డెబ్బై మూడు బాగారాలు సేయించినావు? ఆడు లోపల ఊపిరాడక కొట్టుకుంటంటే, నాను ఆడి కాడ కూకోకండా నీ గోడ కాడ నిలబడినాను గదే!"

ఆమె వెనక వీధిలో పదిమంది ఆగి చూస్తున్నారు. అందులో ఒకడు కార్యాలయం జవాను. నేను కాదంటే ఆ మాట గరుడాచలం చెవిలో పడటానికి ఎంతసేపు? లోపల యంత్రం తిరుగుతూ ఉంది. మా అప్ప రక్తం కొంత ఒంట్లో, కొంత గొట్టాల్లో ఉంది.

"నేనే," అన్నాను.

గవరమ్మ నా మొహాన ఉమ్మేసి వెళ్ళిపోయింది.

గరుడాచలం! ఆ ఉమ్ము నీది. మా అప్ప తన కాళ్ళ మీద తాను నడిచే రోజు, ఆమెకు నలభై రోజుల నీళ్ళు నేను దాచగలిగిన రోజు వస్తుంది, ఆ రోజు నీది నీకు తెచ్చి ఇస్తాను.